నల్లచొక్కా నుంచి మేరువు దాకా: థాయ్‌లాండ్ తన రాజును సాగనంపిన తీరు

2016 అక్టోబరు 12న బ్యాంకాక్‌లో సిరిరాజ్ ఆసుపత్రి ఆవరణ అంతా గులాబీ రంగు. రాజుగారికి ఒంట్లో బాగాలేదని తెలిసి వచ్చిన జనం ఆయన ఫొటోలు గుండెలకు హత్తుకుని, నేల మీదే కూర్చుని స్తోత్రాలు చదువుతున్నారు. ఆ రంగుకో కథ ఉంది. 2007లో ఇదే ఆసుపత్రి నుంచి ఆయన గులాబీ కోటు వేసుకుని బయటికొచ్చారు. అప్పట్నుంచి అది ఆయన ఆరోగ్యానికి కలిసొచ్చే రంగని జనం నమ్మకం. 13వ తేదీ మధ్యాహ్నం 3 గంటల 52 నిమిషాలకు భూమిబోల్ అదుల్యతేజ్ కన్నుమూశారు. వయసు 88, ఏలుబడి 70 ఏళ్ళు. సాయంత్రం ఏడు ప్రాంతంలో టీవీలో ప్రకటన వచ్చింది. తెల్లారేసరికి అదే ఊరు, అదే జనం, ఒంటి మీద మాత్రం నలుపు.

దీన్ని బయటి ప్రపంచం రెండు రకాలుగా చదివింది. అదంతా ప్రజల ప్రేమ అన్నారు కొందరు. సైనిక ప్రభుత్వం మెడ మీద కత్తి పెట్టి ఏడిపించింది అన్నారు ఇంకొందరు. నిజానికి అందులో మూడు పోగులున్నాయి: సర్కారు ఉత్తర్వు, ఆస్థాన కర్మకాండ, జనం తమంతట తాము చేసుకున్నది. ఏడుపు జనానిదే. అది ఏ గాడిలో పారాలో, ఎన్నాళ్ళు పారాలో, ఎక్కడికి చేరాలో మాత్రం ముందే కట్టిన కాలువ ఉంది. ఈ మూడింటినీ విడదీసి చూస్తే తప్ప ఆ ఏడాది అర్థం కాదు.

మనకు తెలిసిన మాటలే

తెలుగువాళ్ళకు ఇక్కడో సౌలభ్యం ఉంది. థాయ్ ఆస్థాన భాష సగం మన చెవికి పట్టేస్తుంది. మామూలు మనిషి చనిపోతే వాడే మాట రాజుకు వాడరు. రాజు పోతే ‘సవన్‌ఖోత్’ అంటారు. విడదీస్తే స్వర్గ, గత. మన పత్రికల్లో శ్రద్ధాంజలి ప్రకటనల కింద కనిపించే ‘స్వర్గస్థులైనారు’కి సొంత అన్నగారు. రాజు పేరు భూమిబల, అతుల్యతేజ. రాణి సిరికిత్ అంటే శ్రీకీర్తి. కొడుకు వజిరలాంగ్‌కోర్న్ పేరులో వజ్రమూ అలంకారమూ ఉన్నాయి. పార్థివదేహాన్ని ఉంచిన దుసిత్ మహాప్రాసాద్ పేరులోని దుసిత్ బౌద్ధుల తుషిత స్వర్గం. దహన మండపం ‘మేరుమాత్’, అంటే బంగారు మేరువు. దేహాన్నో అస్థికలనో పెట్టే పాత్ర ‘కోత్’, మన కోశం.

పేర్లు కలిశాయి కదా అని తంతు కూడా మనలాంటిదే అనుకుంటే పొరపాటు. మన దగ్గర రాత్రి పోతే తెల్లారి ఎప్పుడు తీస్తారని అడుగుతారు. ప్రజానాయకుడైతే ఒకటి రెండు రోజులు ప్రజల సందర్శనార్థం ఉంచుతారు, అంతే. అక్కడ మరణానికీ దహనానికీ మధ్య 378 రోజులు గడిచాయి. 2017 అక్టోబరు 26న చితి వెలిగింది. ఇదేమీ అసాధారణం కాదు. 1946 జూన్ 9న చనిపోయిన ఆయన అన్న ఆనంద మహిడోల్‌ను 1950 మార్చి 29న, అంటే దాదాపు నాలుగేళ్ళ తర్వాత దహనం చేశారు. మేరువు కట్టడానికి, రథాలు బాగుచేయడానికి నెలలు పడుతుంది. ఆ వ్యవధిలో పోయినవారి పేర పుణ్యం కూడబెడుతూ ఉంటారు. ఏడో రోజు, పదిహేనో రోజు, యాభయ్యో రోజు, నూరో రోజు ప్రత్యేక క్రతువులు. నూరో రోజును ‘సతమవాన్’ అంటారు, అందులోని శతం కూడా మనదే.

పూర్వం రాజుల శరీరాన్ని కూర్చున్న భంగిమలో బంగారు కోశంలో ఉంచేవారు. భూమిబోల్‌ను మాత్రం శవపేటికలో పడుకోబెట్టారు, 1995లో ఆయన తల్లికి చేసినట్టే. బంగారు కోశాన్ని ఆనవాయితీ కోసం ఎత్తయిన పీఠం మీద నిలిపారు. జనం దండం పెట్టింది ఆ కోశం వైపు చూసే.

ఉత్తర్వులో ఉన్నదెంత, లేనిదెంత

ప్రభుత్వ ప్రకటన చాలామంది అనుకున్నంత పెద్దదేం కాదు. ప్రభుత్వ ఉద్యోగులకు ఏడాది సంతాపం, నల్ల దుస్తులు. ప్రభుత్వ భవనాల మీద, బడుల మీద 30 రోజులు జెండా సగం ఎత్తున. మిగతా ప్రజలకు 30 రోజులు వినోదాలు తగ్గించుకోమని విన్నపం. టీవీ ఛానెళ్ళన్నీ నలుపు-తెలుపులోకి మారి ఒకే ప్రసారం ఇచ్చాయి. బ్యాంకుల వెబ్‌సైట్లు, ఆన్‌లైన్ దుకాణాలు, బస్టాపుల్లో ప్రకటన బోర్డులు కూడా రంగు వదిలేశాయి.

థాయ్ పరిపాలనలో ‘సహకారం కోరుతున్నాం’ అనే మాటొకటి ఉంది. నిషేధం కాదు, కానీ కాదనడం కష్టం. బార్లు మూసేయమని రాతపూర్వకంగా చెప్పరు. సంగీతం తగ్గించమని, వీధిలోకి కనబడకుండా నడపమని సహకారం కోరతారు. ఎంత తగ్గించాలో చెప్పరు కాబట్టి యజమాని భయానికీ భక్తికీ మధ్య తనే లెక్క వేసుకుంటాడు. ఒక వీధిలో పూర్తిగా చీకటి, పక్క వీధిలో తలుపులు దగ్గరగా వేసి వ్యాపారం. పౌర్ణమి రాత్రి బీచ్ పార్టీ రద్దయింది. పెళ్ళిళ్ళు కొన్ని వాయిదా పడ్డాయి, కొన్ని పాటల్లేకుండా జరిగిపోయాయి. ఉత్తర్వులో స్పష్టత లేకపోవడమే దాని అసలు బలం. గీత ఎక్కడుందో తెలియనప్పుడు ఎవరైనా రెండడుగులు వెనక్కే నిలబడతారు.

వారసత్వం విషయంలోనూ ఇలాంటి ఖాళీ ఒకటి వచ్చింది. యువరాజు తాను కూడా ప్రజలతోపాటు దుఃఖించడానికి సమయం కావాలన్నారు. దాంతో 96 ఏళ్ళ మాజీ ప్రధాని ప్రేమ్ తిన్‌సులానోండా తాత్కాలిక రాజప్రతినిధి అయ్యారు. డిసెంబరు 1న వజిరలాంగ్‌కోర్న్ సింహాసనానికి అంగీకరించాక, ఆయన పాలన అక్టోబరు 13 నుంచే మొదలైనట్టు లెక్కించారు.

నలుపు అంత తేలిక కాదు

మొదటి వారం అసలు సంక్షోభం గుడ్డది. థాయ్ ఇళ్ళలో నల్లబట్టలు సాధారణంగా ఒకటి రెండు జతలే ఉంటాయి, చావులకు వేసుకునేవి. ఏడాది పాటు రోజూ వేసుకోవాలంటే కనీసం నాలుగైదు చొక్కాలు కావాలి. రెండు మూడు రోజుల్లో అంగళ్ళు ఖాళీ. ధరలు పెరిగాయి, వాణిజ్య శాఖ తనిఖీలు మొదలుపెట్టింది. అప్పుడు వీధుల్లో పెద్ద పెద్ద డేగిసాలు పొయ్యిలెక్కాయి. వాలంటీర్లు జనం తెచ్చిన చొక్కాలకు ఉచితంగా నల్లరంగు అద్ది ఇచ్చారు.

ఈ పని చూసినంత సులువు కాదు. నూలుగుడ్డకు అద్దే పొడిరంగు మరుగుతున్న నీటిలో కరిగించాలి, ఉప్పు వేయాలి. ఉప్పు లేకపోతే రంగు నీళ్ళలోనే ఉండిపోతుంది, దారానికి పట్టదు. గుడ్డను ముందు మామూలు నీళ్ళలో తడిపి పిండి మరీ వేయాలి. పొడిగుడ్డ వేస్తే తాకిన చోట తాగేసి మచ్చలు కడుతుంది. అరగంటకు పైగా కర్రతో తిప్పుతూనే ఉండాలి. జనం బారు తీరి ఉన్నారు కదా అని ఒకే డేగిసాలో పాతిక చొక్కాలు కుక్కితే మడతల్లో బూడిద చారలు మిగులుతాయి. ఇక పాలియెస్టర్ సంగతి సరేసరి. దానికి వేరే జాతి రంగు, 130 డిగ్రీల దాకా వేడి కావాలి. వీధి పొయ్యి మీద అది కుదరదు. నీళ్ళలోంచి తీస్తే గచ్చకాయ రంగులో వెక్కిరిస్తుంది. గుడ్డ నూలుదై కుట్టు దారం పాలియెస్టర్‌దైతే ఇంకో చిత్రం: చొక్కా నల్లగా, కుట్లు మాత్రం తెల్లగా చుక్కల ముగ్గులా.

అద్దకానికి వచ్చిన చొక్కాలకు అడుగురంగు అనే పేచీ కూడా ఉంటుంది. రాజు సోమవారం పుట్టారు. థాయ్ లెక్కలో సోమవారం రంగు పసుపు. 2006లో ఆయన సింహాసనం ఎక్కి 60 ఏళ్ళు నిండినప్పుడు దేశమంతా పసుపు చొక్కాలు వేసుకుంది. పసుపు మీద నలుపు ఒక్క మునకలో కూర్చోదు, ఎండలో చూస్తే ఆకుపచ్చ ఛాయ కొడుతుంది. రెండోసారి ముంచాల్సిందే. తర్వాత నీళ్ళు తేటగా వచ్చేదాకా జాడించాలి, లేకపోతే మొదటి చెమటకే మెడ నల్లబడుతుంది.

2008 నాటికి పసుపు ఒక రాజకీయ పక్షానిదైపోయింది, ఎదుటిపక్షం ఎరుపు పట్టుకుంది. ఆ గొడవల తర్వాత ఏ పార్టీదీ కాని రంగును దేశమంతా కలిసి వేసుకుంది. ఆ నలుపులో కొంత హాయి కూడా ఉందేమో అనిపిస్తుంది.

కానీ ఆ హాయి అందరిదీ కాదు. నలుపు వేసుకోనివాళ్ళ ఫొటోలు ఫేస్‌బుక్‌లో పెట్టి తిట్టిపోయడం మొదలైంది. కొత్త బట్టలు కొనే స్థోమత లేనివాళ్ళుంటారు, నల్ల రిబ్బను పెట్టుకున్నా చాలు, ఎవర్నీ నిందించకండి అని చివరికి ప్రభుత్వమే చెప్పుకోవాల్సి వచ్చింది. ఉత్తర్వు కన్నా ఇరుగుపొరుగు కన్ను గట్టిదని అక్కడ తేలిపోయింది.

కోటీ 27 లక్షల మంది

అక్టోబరు 14న దేహాన్ని ఆసుపత్రి నుంచి గ్రాండ్ ప్యాలెస్‌కు తీసుకెళ్తుంటే దారికి రెండువైపులా జనం నేల మీద కూర్చున్నారు. చనిపోయినవారి చేతి మీద నీళ్ళు పోయడం అక్కడి మొదటి సంస్కారం. రాజు చేతి మీద ఆయన కుటుంబం పోసింది. సామాన్యుల కోసం ప్యాలెస్ ఆవరణలోనే ఇంకో మండపంలో ఆయన చిత్రపటం ముందు ఏర్పాటు చేశారు. పటానికి నీళ్ళు పోస్తే సరిపోతుందా అనే ప్రశ్న ఎవరికీ రాలేదు. ఆ సంవత్సరమంతా పటమే మనిషి.

నెలాఖరు నుంచి దుసిత్ మహాప్రాసాద్ లోపలికి ప్రజలను వదిలారు. 2017 అక్టోబరు 5 దాకా, 337 రోజుల్లో 1 కోటీ 27 లక్షలకు పైగా జనం వచ్చారని అధికారిక లెక్క. సగటున రోజుకు దాదాపు 38 వేలు. దేశ జనాభా ఏడు కోట్ల లోపే. రెండోసారీ మూడోసారీ వచ్చినవాళ్ళను తీసేసినా మామూలు సంఖ్య కాదు.

ఇంతమందిని ఎలా నడిపించారు? ప్యాలెస్ ఎదుట సనామ్ లువాంగ్ అనే పెద్ద మైదానం ఉంది. చుట్టూ తనిఖీ కేంద్రాలు పెట్టి గుర్తింపు కార్డు చూసి లోపలికి వదిలేవారు. ఆ తర్వాత టెంటు నుంచి టెంటుకు, కుర్చీ నుంచి కుర్చీకి కదలిక. తిరుమలలో కంపార్ట్‌మెంట్లు తెలిసినవాళ్ళకు ఈ పద్ధతి వెంటనే అర్థమవుతుంది: నిలబడే క్యూ కాదు, కూర్చోబెట్టి జరిపే క్యూ. నిలబెడితే బ్యాంకాక్ ఎండకు ముసలివాళ్ళు కళ్ళు తిరిగి పడిపోతారు. కూర్చోబెడితే ఎనిమిది గంటలైనా ఓర్చుకుంటారు.

దుస్తుల దగ్గర మాత్రం కచ్చితం. ఆడవాళ్ళకు మోకాళ్ళు దాటిన నల్ల స్కర్టు, చేతులున్న జాకెట్టు. ప్యాంటు కుదరదు. మగవాళ్ళకు నల్ల చొక్కా, మామూలు ప్యాంటు. జీన్స్, చేతుల్లేని బనియన్లు, వేళ్ళు కనబడే చెప్పులు వేసుకొస్తే వెనక్కి పంపేవారు. తెల్లవారుజామునే వచ్చి, గంటలు కూర్చుని, గేటు దగ్గర చెప్పుల కోసం తిరిగెళ్ళినవాళ్ళ బాధ ఊహించుకోవచ్చు. పక్క వీధుల్లో స్కర్టులూ బూట్లూ అద్దెకిచ్చే చిన్న వ్యాపారం పుట్టడానికి అంతకంటే కారణం అక్కర్లేదు.

హాల్లోకి ఒక్కో జట్టుగా పంపితే దండం పెట్టడానికి దొరికేది నిమిషం కూడా కాదు. ఆ దండంలోనూ ఒక తేడా ఉంది, చాలామంది విదేశీ విలేకరులు దాన్ని గమనించలేదు. బుద్ధుడికీ భిక్షువులకూ పంచాంగ ప్రణామం చేస్తారు. రెండు మోకాళ్ళు, రెండు చేతులు, నుదురు నేలకు ఆనించి, అరచేతులు పరిచి, మూడుసార్లు. మనిషికి, అతను రాజైనా సరే, ఒక్కసారే. చేతులు జోడించినవి జోడించినట్టే నేలకు ఆనిస్తారు, అరచేతులు విప్పరు. రాజును దేవుడిలా కొలుస్తారు అని రాసేవాళ్ళు ఈ చేతుల్ని ఒకసారి చూసి ఉంటే బాగుండేది.

మైదానం చుట్టూ నడిచింది మాత్రం సర్కారు సృష్టి కాదు. ఉచిత అన్నం, నీళ్ళు, మందులు, క్షవరం. మోటారు సైకిల్ ట్యాక్సీవాళ్ళు డబ్బు తీసుకోకుండా తిప్పారు. అన్నదానం ఎక్కువైపోయి పొట్లాలు మిగిలి పాడయ్యేవి, చెత్త గుట్టలయ్యేది. దాన్ని తడిచెత్త, పొడిచెత్తగా వేరుచేయడానికి ఇంకో జట్టు వచ్చి కూర్చుంది. అక్టోబరు 22న లక్షమందికి పైగా అదే మైదానంలో ఆర్కెస్ట్రాతో కలిసి రాజగీతం పాడారు, దాన్ని చిత్రీకరించి దేశమంతా చూపించారు. ఇలాంటి చోటే పోగులు పెనవేసుకుంటాయి. పాట జనం నోటిదే, కెమెరా ముందే పెట్టి ఉంది.

ఒక పువ్వు, ఒక చెట్టు

థాయ్ చావులో సామాన్యుడి వంతు ‘దోక్‌మై చాన్’, చందనపు పువ్వు. మనం చితి మీద చందనపు పుల్ల వేసినట్టు వాళ్ళు చందనం పలచగా చెక్కి పువ్వులా మడిచి వేస్తారు. ఇప్పుడు ఎక్కువగా కాగితమే వాడతారు. రాజు దహనానికి ఈ పువ్వులు లక్షల్లో కావాలి. ఆఫీసుల్లో, బడుల్లో, జైళ్ళలో, గుడి ఆవరణల్లో నెలల తరబడి చేశారు. అందులో డాఫడిల్ పువ్వు రకం ఒకటి బాగా పేరుపొందింది. దాన్ని ‘దారారత్’ అంటారు. స్విట్జర్లాండ్ రోజుల్లో రాజు రాణికి ఇచ్చిన పువ్వని చెప్పుకుంటారు.

చేయడం ఇలా. పలచటి కాగితం మీద అచ్చుపెట్టి ఆరు రేకులు కత్తిరించాలి. రేకు అంచును పెన్సిలుకో సన్నకడ్డీకో చుట్టి వంపు తేవాలి. వంపు లేకపోతే పువ్వు కాదు, నక్షత్రమవుతుంది. మధ్యలో బాకాలాంటి గొట్టం వేరే ముక్కతో చుట్టి, పై అంచును కొద్దిగా ముడతలు పెట్టాలి. సన్నటి పుల్లకు ముందు గొట్టం, దాని చుట్టూ మూడు రేకులు, వాటి సందుల్లో ఇంకో మూడు అతికించాలి. జిగురు ఎక్కువైతే కాగితం ముడుచుకుంటుంది, తక్కువైతే తేమకు రేకులు రాలిపోతాయి. అక్కడ అక్టోబరు అంటే వానలే. చివర ఒక అగరువత్తి, చిన్న కొవ్వొత్తి జతచేస్తారు. చేయి తిరిగినవాళ్ళకు కొద్ది నిమిషాలు, కొత్తవాళ్ళకు పావుగంట. పదిమంది బల్ల చుట్టూ కూర్చుని ఒకళ్ళు కత్తిరిస్తే ఒకళ్ళు అతికించడమే ఆ ఏడాది చాలా ఊళ్ళలో సంతాపసభ. ఉపన్యాసాల కన్నా అక్కడే ఎక్కువ మాటలు జరిగుంటాయి.

అసలు చందనం రాజ కోశానికి వాడారు. ఇది మన శ్రీగంధం కాదు. శాస్త్రనామం మాన్సోనియా గేజీ, వేరే కుటుంబానికి చెందిన చెట్టు. ప్రాచువాప్ ఖిరి ఖాన్ రాష్ట్రంలోని కుయి బురి అడవిలో వాటంతటవే ఎండి నిలబడి ఉన్న చెట్లను ఎంచి, 2016 నవంబరులో పూజ చేసి కొట్టారు. పచ్చిచెట్టును కొట్టరు. ఎండిన దానిలోనే వాసన నూనె చిక్కబడి ఉంటుంది. ఆ కర్రను జాలీ పనిగా చెక్కి పేటిక చుట్టూ అమర్చారు.

మైదానంలో మేరువు

సనామ్ లువాంగ్‌కు పాతపేరు ‘మేరు మైదానం’. రాజు విష్ణువు అంశ, పని ముగించుకుని మేరుపర్వతం మీదుగా వైకుంఠానికి తిరిగి వెళ్తాడని ఆస్థాన నమ్మకం. రాజముద్రలో గరుడుడు ఉన్నదీ, రాజులను ఒకటో రామ, రెండో రామ అని లెక్కపెట్టేదీ అందుకే. ఈయన తొమ్మిదో రామ. కాబట్టి కట్టింది పర్వతాన్నే. ఎత్తు 50.49 మీటర్లు, అడుగున ఒక్కో పక్క 60 మీటర్లు, తొమ్మిది శిఖరాలు. చుట్టూ అనవతప్త సరస్సు పేర కొలను. దాని గట్టున ఏనుగు, సింహం, గుర్రం, ఎద్దు, ఇంకా హిమవంతంలోని వింత జంతువులు. చితి పక్కన రాజు పెంచుకున్న వీధికుక్క తోంగ్‌డేంగ్, ఇంకో కుక్క జో చో శిల్పాలు నిలిపారు. పురాణపు కొండ మీద ఊరకుక్క. ఆ మండపంలో జనం మనసుకు దగ్గరైన పని అదొక్కటే అంటే అతిశయోక్తి కాదు.

ఉత్తరం వైపు ద్వారం బయట వరిమడి వేశారు. గట్లను థాయ్ అంకె 9 ఆకారంలో మలిచి, మూడు దశల వరి నాటారు: నారు, పిలకలు వేసినది, కంకి మీద ఉన్నది. పక్కనే మురికినీళ్ళలోకి గాలి ఎక్కించే చైపట్టనా చక్రం. దీనికి 1993లో రాజు పేరనే పేటెంట్ వచ్చింది. నేల కోతను ఆపే వట్టివేరు గడ్డి కూడా. మూడు దశలూ ఒకే రోజున కంటికి కనబడాలంటే మూడు వేర్వేరు తేదీల్లో విత్తాలి. నగరం నడిబొడ్డున రైతు లెక్క ఇది. దేశమంతటా బంతి నాటమన్న పిలుపులోనూ అదే లెక్క. పసుపు ఆయన రంగు, బంతి పూతకు విత్తిన నాటి నుంచి రమారమి రెండు నెలలు. అక్టోబరు చివరికి విరగబూయాలంటే ఆగస్టు దాటకూడదు. తొందరపడి జులైలో వేసినవాళ్ళకు దసరా నాటికే పూలు వాలిపోయుంటాయని మన బంతి రైతులు ఎవరైనా చెప్తారు.

ఖర్చు 300 కోట్ల బాత్. మొత్తం అంత్యక్రియలకు ప్రభుత్వం కేటాయించినది అది.

ఊరేగింపులో అందరి కళ్ళూ మహా విజయ రాజరథం మీద. 1795లో మొదటి రామ తన తండ్రి దహనం కోసం చేయించిన టేకు రథం. 11.2 మీటర్ల ఎత్తు, 18 మీటర్ల పొడవు, 13.7 టన్నుల బరువు. ఇంజను లేదు. 216 మంది సైనికులు తాళ్ళతో లాగారు. రథోత్సవాలు చూసినవాళ్ళకు తెలుసు, రథాన్ని కదిలించడం కష్టం కాదు, ఆపడమే కష్టం. అందుకే ముందువాళ్ళు లాగుతుంటే వెనక ఒక జట్టు తాళ్ళు బిగపట్టి నడుస్తుంది. అడుగులు ఒక్కరివైనా తప్పితే తాడు వదులై, మరుక్షణం ఝటకా ఇస్తుంది. రెండు వందల ఏళ్ళ చెక్కడాలు ఆ కుదుపుకు తట్టుకోవు. నెలల తరబడి సాధన చేయించింది అందుకే.

మేరువు చేరాక కోశాన్ని ఫిరంగి బండి మీదకు మార్చి మూడుసార్లు చుట్టూ తిప్పారు, అప్రదక్షిణంగా. చావుకు ఎడమవైపు తిరగాలనేది మనకు కొత్త కాదు. ఫిరంగి బండి మాత్రం ఇరవయ్యో శతాబ్దపు చేర్పు. సైనికుడిగా తనను అలా తీసుకెళ్ళమని ఆరో రామ కోరారట, అప్పట్నుంచి ఆచారమైంది. ‘అనాది సంప్రదాయం’ అన్నప్పుడల్లా ఈ బండిని గుర్తుతెచ్చుకోవడం మంచిది.

సాయంత్రం దహనం లాంఛనం మాత్రమే. రాజకుటుంబం, విదేశీ అతిథులు చందనపు పువ్వులు ఉంచారు. అసలు దహనం రాత్రి పది తర్వాత, దాన్ని టీవీలో చూపలేదు. నగరంలోనూ రాష్ట్రాల్లోనూ కట్టిన మేరువు నమూనాల దగ్గర అప్పటికే జనం బారులు తీరి తమ పువ్వులు వేస్తున్నారు. దగ్గరగా చూడాలని వచ్చినవాళ్ళు వానలో తడుస్తూ ప్లాస్టిక్ పట్టాల మీద ఒకటి రెండు రాత్రులు పడుకున్నారు.

ఇంకో సంగతి బయటివాళ్ళను తికమక పెట్టింది. ముప్ఫై రోజులు పాటలు తగ్గించమన్న రాజ్యమే, దహనం రాత్రి మేరువు ఎదుట తెల్లవార్లూ నాటకాలు ఆడించింది. రామాయణ కథతో ముసుగు నాట్యం ‘ఖోన్’, తోలుబొమ్మలు, సంగీతం. అసలు చితి వెలిగిన కాసేపే ఆపారు. రాజదహనం ఆటపాటలతోనే ముగియాలన్నది పాత రివాజు. ఆ ఆటలతో సంతాపం దిగిపోతుంది. 29 నాటికి అస్థికలు ప్యాలెస్‌కు చేరాయి, చితాభస్మాన్ని రెండు ఆలయాల్లో ఉంచారు. మర్నాటి నుంచి వీధుల్లో మళ్ళీ రంగులు.

అందరి జ్ఞాపకం ఎక్కడ తయారైంది

క్యూలో కూర్చున్న ఇరవై ఏళ్ళ కుర్రాణ్ణి అడిగితే రాజు పల్లెల్లో తిరిగేవారని, మెడలో కెమెరా, చేతిలో మ్యాపూ పెన్సిలూ ఉండేవని చెప్తాడు. అతను పుట్టేనాటికి ఆ తిరుగుళ్ళు దాదాపు ముగిసిపోయాయి. అతనికా జ్ఞాపకం ఎలా వచ్చింది?

రోజూ రాత్రి ఎనిమిదికి అన్ని ఛానెళ్ళలో రాజకుటుంబ వార్తలు. సినిమా హాల్లో బొమ్మ పడకముందు రాజగీతం, అందరూ లేచి నిలబడటం. డిగ్రీ పట్టా రాజు చేతి నుంచో రాజకుటుంబీకుల చేతి నుంచో అందుకున్న ఫొటో ఇంటి గోడ మీద. నోటు మీద ఆయనే, క్యాలెండరు మీద ఆయనే. 1955లో నఖోన్ ఫనోమ్‌లో 102 ఏళ్ళ అవ్వ పొద్దుట్నుంచీ పట్టుకుని నిలబడి వాడిపోయిన తామరలను రాజుకు ఇస్తున్న ఫొటో, ఆయన ముక్కు చివర చెమటబొట్టున్న ఫొటో, దంతవైద్యుల ద్వారా బయటికొచ్చిన పూర్తిగా పిండేసిన టూత్‌పేస్ట్ గొట్టం. వీటిని చూడని థాయ్ పౌరుడు ఉండడు. 2017 సెప్టెంబరులో స్మారక నోట్లు వస్తే బ్యాంకుల ముందు మళ్ళీ బారులు. వాటి వెనక అచ్చేసినవీ ఇలాంటి చిత్రాలే.

చిత్రం పదేపదే చూసిందైనంత మాత్రాన దుఃఖం అబద్ధం కాదు. పిల్లలకు తాతగారి జ్ఞాపకాలు కూడా సగం ఫొటోలవే. తేడా ఒక్కటే, ఇంట్లో ఆల్బమ్‌లో ఏ ఫొటో ఉంచాలో ఇంటివాళ్ళు తేల్చుకుంటారు. ఇక్కడ శిక్షాస్మృతి 112వ సెక్షన్ తేలుస్తుంది. రాజునో రాణినో యువరాజునో కించపరిస్తే ఒక్కో ఆరోపణకు మూడు నుంచి పదిహేనేళ్ళు. రాజు పోయిన మర్నాడే ఫుకెట్‌లో ఒక దుకాణం ముందు వందలమంది గుమిగూడి, ఫేస్‌బుక్‌లో ఏదో రాశాడని ఆ ఇంటి కుర్రాడి కోసం పట్టుబట్టారు. ఇంకోచోట ఒక మహిళను పోలీసులు, గుంపు కలిసి రాజు పటం ముందు మోకరిల్లించారు. సంతాపం చట్టంతో కలిస్తే ఏమవుతుందో ఈ రెండు సంఘటనలూ చూపించినంతగా ఏ విశ్లేషణా చూపించలేదు.

2025 అక్టోబరు 24న రాణి సిరికిత్ 93 ఏళ్ళ వయసులో కన్నుమూసినప్పుడు ఆ కాలువనే మళ్ళీ తెరిచారు, కొంచెం వెడల్పు తగ్గించి. ఉద్యోగులకు ఏడాది, సామాన్యులకు 90 రోజులు నలుపో ముదురు రంగో వేసుకోమని విన్నపం. వినోదాలను ఆపలేదు. హైదరాబాద్ నుంచి, విశాఖ నుంచి బ్యాంకాక్ వెళ్ళే మనవాళ్ళకు అలాంటి రోజుల్లో కావాల్సింది రెండే: ప్యాలెస్ దరిదాపుల్లో ముదురు రంగు నిండు బట్టలు, పటాల ముందు వెకిలి సెల్ఫీలు మానుకోవడం.

ఆ మైదానానికి వేరే జ్ఞాపకాలూ ఉన్నాయి. పక్కనే తమ్మసాత్ విశ్వవిద్యాలయం. 1976 అక్టోబరు 6న పోలీసులు, మితవాద ముఠాలు అక్కడి విద్యార్థుల మీద పడ్డాయి. అధికారికంగానే 40 మందికి పైగా చనిపోయారు, కొందరిని మైదానంలోని చెట్లకు వేలాడదీశారు. ఆ ఘటనకు 40 ఏళ్ళు నిండింది రాజు పోవడానికి సరిగ్గా వారం ముందు. తర్వాతి ఏడాదంతా ఆ మైదానంలో జరిగిన ఏ ప్రదర్శనలోనూ ఆ చెట్ల ప్రస్తావన లేదు. సంతాప సంవత్సరం మధ్యలోనే, 2017 ఏప్రిల్‌లో, రాజు నిరంకుశ పాలనకు తెరదించిన 1932 విప్లవానికి గుర్తుగా నగరంలో ఒక కూడలి నేలలో పొదిగిన ఇత్తడి ఫలకం మాయమైంది. దాని స్థానంలో రాజభక్తిని కీర్తించే ఇంకో ఫలకం కనిపించింది. ఎవరు తీశారో చెప్పినవాళ్ళు లేరు.

2020 సెప్టెంబరు 20 తెల్లవారుజామున విద్యార్థులు సనామ్ లువాంగ్‌కు వచ్చి, మూడేళ్ళ కిందట మేరువు నిలిచిన మైదానంలోనే నేల తవ్వి సిమెంటు పోసి కొత్త ఫలకం పాతారు. ఈ దేశం ప్రజలదని దాని మీద రాశారు. మర్నాటికి ఆ చోట పచ్చి సిమెంటు అతుకు మాత్రమే ఉంది.